మా కాలనీ కథ మేమే ఆడొచ్చా?

ప్రశ్న: మా కాలనీలో పాత ఇళ్లు పడగొట్టి అపార్ట్‌మెంట్లు కడుతున్నారు. ముప్ఫై ఏళ్లు పక్కపక్కన బతికినవాళ్లు తలో దిక్కుకీ పోతున్నారు. దీని మీద ఇక్కడివాళ్లమే డాన్సూ నాటకం కలిపి ఏదైనా చేద్దామనుకుంటున్నాం. ఎవరికీ స్టేజీ అనుభవం లేదు. ముందు మంచి రచయితతో స్క్రిప్టు రాయించుకోమంటున్నారు. నిజమేనా?

జవాబు: వద్దండీ, స్క్రిప్టు తర్వాత. ముందు మీవాళ్ల దగ్గర కూర్చోండి. ఇల్లు వదిలినవాళ్లని "ఎలా అనిపిస్తోంది" అని అడిగితే అందరూ "బాధగా ఉంది" అంటారు, అక్కడితో మాట అయిపోతుంది. అలా కాకుండా, "పాత ఇంట్లో పొద్దున్నే లేచి ఏం చేసేవారో చేసి చూపించండి" అనండి. నేను చూసిన ఒక రిహార్సల్లో ఒక పెద్దావిడ లేచి, లేని తలుపు గడియ తీసి, తల కాస్త వంచి బయటికొచ్చారు. వాళ్ల గుమ్మం పొట్టిదట. "కొత్త ఫ్లాట్‌లో గుమ్మం ఎంత ఎత్తున్నా ఇంకా వంగుతూనే ఉన్నానమ్మా" అన్నారు. ఆ వంగడాన్నే పదిమంది ఒకరి వెనక ఒకరు చేస్తుంటే నాకు గొంతు పట్టేసింది. ఏ డాన్స్ మాస్టారూ నేర్పని అడుగు అది.

మాటలు కూడా అంతే, సరిదిద్దకండి. 1991లో న్యూయార్క్‌లోని క్రౌన్ హైట్స్‌లో నల్లజాతివాళ్లకీ యూదులకీ మధ్య గొడవలు జరిగాక, అన్నా డివేర్ స్మిత్ అనే నటి రెండు వైపులవాళ్లనీ కలిసి రికార్డు చేసుకుని, వాళ్లు తడబడ్డ చోట తడబడుతూ, ఆగిన చోట ఆగుతూ, అందరి పాత్రలూ ఒక్కతే ఆడింది. అంతకు చాలా ముందే, అదే నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం మధ్యనుంచి పెద్ద రహదారి వేసి వేల కుటుంబాలని లేవగొట్టారు. అలా చితికిన బ్రాంక్స్‌లోనే, 1973 ఆగస్టు 11న ఒక అపార్ట్‌మెంట్ హాల్లో జరిగిన పార్టీని హిప్‌హాప్‌కి పుట్టినరోజుగా చెప్పుకుంటారు. పాటలో గొంతు ఆగి డ్రమ్స్ మాత్రమే మోగే ముక్కని బ్రేక్ అంటారు, కూల్ హెర్క్ అనే డీజే దాన్ని సాగదీసి వాయిస్తే పిల్లలు సరిగ్గా ఆ ముక్కకే చిందేసేవాళ్లు. బ్రేక్ డాన్స్ అన్న పేరు అక్కడిదే. వాళ్లలో ఎవరికీ స్టేజీ లేదు.

ప్రశ్న: సగం మందికి కొత్త ఫ్లాట్లే కావాలి. ఆడితే గొడవవుతుందని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ఆ గొడవే మీ నాటకం. లిఫ్టు కోసం ఎదురుచూసే మోకాళ్ల నొప్పులాయన కూడా మీ కాలనీవాడే, ఆయన్ని విలన్‌ని చేస్తే అబద్ధమాడినట్టే. బ్రెజిల్ నాటకకర్త అగస్టో బోల్ 1970లలో ఫోరం థియేటర్ అని ఒక పద్ధతి తెచ్చాడు. చిక్కుముడి దగ్గర సీను వదిలేసి మళ్లీ మొదలుపెడతారు, చూసేవాళ్లలో ఎవరైనా "ఆపండి" అని లేచొచ్చి, చిక్కులో పడ్డ పాత్రలోకి దిగి, తానైతే ఏం చేసేదో ఆడి చూపించాలి. మీకు సరిగ్గా సరిపోతుంది. అయితే మధ్యలో నిలబడి నడిపించే మనిషి ఎవరి పక్షమూ తీసుకోకూడదు.

హాలు అద్దెకి తీసుకోకండి, ఇంకా పడగొట్టని ఇంటి ముందే ఆడండి, వెళ్లిపోయినవాళ్లని ఫోన్ చేసి పిలవండి. ఇంకో మాట, ఎవరి కథ వాడుకుంటున్నారో వాళ్లకి ముందు చూపించండి. "ఇది వద్దమ్మా" అంటే, అందులో అదే గొప్ప సీనైనా సరే, తీసేయండి.