మొదటి గ్లాసుకే ప్లాస్టిక్ వాసన

ప్రశ్న: ఇంట్లో కాచిన బీరును 5 గ్యాలన్ల బాల్‌లాక్ కెగ్‌లో (స్టీలు పీపాలో) పెట్టి, కెజరేటర్ (కెగ్‌ను చల్లగా ఉంచే, ట్యాపు ఉన్న ఫ్రిజ్) నుంచి పడతాను. శుక్రవారం సాయంత్రం పట్టే మొదటి గ్లాసు ప్లాస్టిక్ వాసన వేస్తుంది. రెండోది శుభ్రంగా ఉంటుంది. 3/16 అంగుళం వినైల్ ట్యూబ్, పదడుగులు వాడుతున్నాను. పిల్లల కోసం అదే లైన్లో ఒకసారి రూట్ బీర్ (ఘాటు వాసన ఉన్న తీపి సోడా) కూడా పెట్టాను. ఏ ట్యూబ్ కొంటే ఈ బాధ పోతుంది?
– ఒక పాఠకుడు, డాలస్

జవాబు: రెండో గ్లాసు బాగుందంటే కెగ్‌లో ఉన్న బీరు మంచిదే, తేడా దారిలో వస్తోంది. మీ పదడుగుల ట్యూబ్‌లో పట్టే బీరు సుమారు 54 మిల్లీలీటర్లు. వారమంతా ప్లాస్టిక్‌ను అంటుకుని ఉన్న ఆ కాస్త బీరే మొదటి గ్లాసంతటినీ చెడగొడుతోంది. ఈసారి మొదటి 60 మిల్లీలీటర్లు వేరే కప్పులోకి పట్టి, తర్వాత వచ్చినదాంతో పోల్చి చూడండి. రెండూ ఒకే వాసన వేస్తే మాత్రం లైన్ మార్చి లాభం లేదు. కెగ్ మూత రింగులు, పోస్టుల (గొట్టాలు తగిలించే మొనల) ఓ-రింగులు మార్చాలి.

వినైల్ అంటే మెత్తబరిచిన పీవీసీ. దాన్ని మెత్తబరిచే పదార్థాల వాసన బీరుకు అంటుతుంది. మరోవైపు, బీరులోని వాసనలను కూడా గొట్టం పీల్చుకుంటుంది. రూట్ బీర్ వెళ్లిన వినైల్‌ను ఎన్నిసార్లు కడిగినా ఆ వాసన వదలదు, పారేయడమే. పైగా దాని గోడల గుండా ఆక్సిజన్ మెల్లగా లోపలికి చేరి బీరుకు తడిసిన అట్టపెట్టె రుచి తెస్తుంది. హార్డ్‌వేర్ షాపులో అడుగుల లెక్కన అమ్మే పారదర్శకపు గొట్టం జోలికి అసలు వెళ్లకండి. ఆహారానికి పనికొస్తుందన్న ముద్ర ఉన్నా, అది ఆరోగ్యానికి హామీయే కానీ రుచికి కాదు. సిలికాన్ కొందరికి ముచ్చటగా అనిపిస్తుంది. కానీ ఆక్సిజన్‌ను వినైల్ కంటే ఎక్కువగా రానిస్తుంది, బీరు లైనుకు పనికిరాదు.

కొనాల్సింది బ్యారియర్ ట్యూబ్, అంటే ఆక్సిజన్‌ను, వాసనలను అడ్డుకునే పొర ఉన్న గొట్టం. ఇంటి కెజరేటర్‌కు మా ఓటు ఈవీఏబ్యారియర్ రకానికి: లోపలి కొలత 4 మిల్లీమీటర్లు, బయట 8. ఆరడుగుల ముక్కలో నిలిచే బీరు 23 మిల్లీలీటర్లే. లోపల పీఈటీ (నీళ్ల సీసాల ప్లాస్టిక్) పూత ఉన్న గొట్టాలూ మంచివే, కాకపోతే గట్టిగా ఉండి చిన్న ఫ్రిజ్‌లో చుట్టలు పెట్టడానికి మొరాయిస్తాయి.

4 × 8 గొట్టాన్ని పాత బార్బుల (గొట్టం తొడిగే గాట్ల మొనల) మీదికి బలవంతంగా ఎక్కించి క్లాంపు బిగించకండి. 8 మిల్లీమీటర్ల పుష్-ఫిట్ (గొట్టాన్ని తోస్తే పట్టుకునే) కనెక్టర్లు రెండు తీసుకోండి: ఒకటి కెగ్‌కు తగిలించే, మర ఉన్న డిస్‌కనెక్టుకు, ఒకటి షాంక్ (ట్యాపు బిగించే గొట్టపు ముక్క) వెనక 5/8 అంగుళం మరకు. కత్తెరతో కోస్తే గొట్టం నొక్కుకుపోతుంది. కొత్త బ్లేడుతో నిటారుగా కోయండి. కనెక్టర్లోకి తోసేటప్పుడు మొదట ఒకచోట ఆగుతుంది. అక్కడితో వదిలేస్తే కారుతుంది. ఇంకాస్త గట్టిగా, పూర్తిగా దిగేదాకా తోసి, ఒకసారి వెనక్కి లాగి చూడండి. చివర బయటివైపు గీత పడి ఉంటే ఆ ముక్క కోసేయండి.

38 డిగ్రీల ఫారెన్‌హీట్, 12 పీఎస్ఐ గ్యాస్ ప్రెషర్ దగ్గర ఆరడుగులతో మొదలుపెట్టండి. ధార మరీ నెమ్మదిగా ఉంటే అరడుగు చొప్పున తగ్గించుకోవచ్చు. కోసింది మళ్లీ అతకదు కదా! నురగ ఎక్కువైతే ప్రెషర్ తగ్గించాలనిపిస్తుంది, తగ్గించకండి: కొన్నాళ్లకు బీరు చప్పబడుతుంది. మొదటి గ్లాసులోనే నురగ వస్తుంటే టవర్ (ఫ్రిజ్ పైన ట్యాపు ఉన్న స్తంభం) వేడెక్కుతోందని అర్థం. ఫ్రిజ్‌లోని చల్లగాలిని చిన్న ఫ్యానుతో టవర్లోకి పంపండి.

ప్రశ్న: లైన్ బ్లీచ్‌తో కడుగుతున్నాను. బీరుకు బ్యాండ్‌ఎయిడ్ వాసన వస్తోంది. ట్యూబ్ దోషమా?
– ఒక పాఠకురాలు, న్యూజెర్సీ

జవాబు: కాదండీ, బ్లీచ్ దోషం. క్లోరిన్ బీరులోని ఫినాల్స్‌తో కలిసి క్లోరోఫినాల్స్ అవుతుంది. అవి లేశమాత్రంగా ఉన్నా ముక్కుకు తెలిసిపోతాయి. పైగా బ్లీచ్ లైనులోని జిగురును సరిగా వదిలించదు. బీరు లైన్ల కోసమే అమ్మే క్షారపు క్లీనర్‌ను డబ్బా మీది మోతాదులో గోరువెచ్చని నీళ్లలో కలిపి, చిన్న పంపుతో 15 నిమిషాలు తిప్పండి. తర్వాత నీళ్లలో జారుడుతనం పోయేదాకా కడగండి. చేతులకు గ్లవ్స్, కళ్లకు అద్దాలు తప్పనిసరి. రెండు వారాలకోసారి ఇలా చేస్తే చాలు. మూడు నెలలకోసారి, విడిగా, యాసిడ్ క్లీనర్‌తో బీరు రాయిని (లైనులో పేరుకునే గట్టి ఖనిజపు పొరను) కరిగించాలి. ఈ రెండు క్లీనర్లనూ ఎప్పుడూ కలపకండి. వినైలే ఉంచుకుంటానంటే ఏడాదికోసారి మార్చేయండి.

వెన్న వాసన, వెనిగర్ పులుపు వస్తే అది బ్యాక్టీరియా పని, ఎక్కువసార్లు ట్యాపులోనే కాపురం ఉంటుంది. విప్పి బ్రష్‌తో తోమండి. ఇనుప రుచి వస్తే క్రోమ్ పూత లేచిన ఇత్తడి ట్యాపు తీసేసి స్టెయిన్‌లెస్ స్టీలుది పెట్టండి.