బ్రేక్ పట్టలేదన్న మాట ఒక్కటే కేసు నుంచి బయటపడేయదు

ప్రశ్న: నేను విజయవాడ పటమటలో ఉంటాను. ఇటీవల ఆటోనగర్‌లోని ఒక షెడ్డులో కారు ముందు చక్రాలకు బ్రేక్ ప్యాడ్లు మార్పించాను. మర్నాటి నుంచే పెడల్ బాగా లోపలికి దిగుతోంది. ఫోన్ చేస్తే, "కొత్త ప్యాడ్లు కదండీ, రెండు రోజుల్లో సెట్ అవుతాయి" అన్నారు. నాలుగో రోజు బెంజ్ సర్కిల్ దగ్గర బ్రేక్ అందక ముందున్న బైకును ఢీకొన్నాను. బైకు నడిపే ఆయనకు కాలు విరిగింది. తప్పు మెకానిక్‌ది అయితే కేసు నా మీద ఎందుకు? ఇన్సూరెన్సు వర్తిస్తుందా?

జవాబు: గాయపడిన వ్యక్తి పట్ల మీకున్న బాధ్యత వేరు, మీ పట్ల షెడ్డు యజమానికి ఉన్న బాధ్యత వేరు. రెండోది రుజువైనంత మాత్రాన మొదటిది తొలగిపోదు.

బ్రేక్ ఫెయిలైందన్న వాదన కోర్టులకు కొత్త కాదు. కంటికి కనిపించని లోపం వల్ల ప్రమాదం జరిగిందని చెప్పుకునే యజమాని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నా ఆ లోపం బయటపడేది కాదని తానే రుజువు చేసుకోవాలని 1977లో మిను బి. మెహతా కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. మీకు చిక్కు వచ్చేది ఇక్కడే. కొత్త ప్యాడ్లు డిస్కుకు సర్దుకునేదాకా పట్టు కొంత తగ్గడం మామూలే గానీ, పెడల్ లోతుగా దిగుతూనే ఉండడం వేరే సంగతి. లైనులో గాలి చేరినా, బ్రేక్ ఆయిల్ ఎక్కడైనా కారుతున్నా అలా జరుగుతుంది. ఆ లక్షణం మీకు తెలుసు, తెలిసీ బండి నడిపారు. మోటారు వాహనాల చట్టం 190వ సెక్షన్, తెలిసిన లోపంతో పాటు మామూలు జాగ్రత్తతో తెలుసుకోగలిగిన లోపానికి కూడా వర్తిస్తుంది. అలాంటి లోపం వల్ల ఎవరికైనా గాయమైతే 3 నెలల వరకు జైలు, లేదా 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. ఎముక విరగడం చట్టం దృష్టిలో తీవ్ర గాయం కనుక భారతీయ న్యాయ సంహిత 125(బి), నిర్లక్ష్యపు డ్రైవింగ్‌కు 281 సెక్షన్లు కూడా మీ మీద పెట్టే అవకాశం ఉంది.

అయితే ఆ ఫోన్ సంభాషణే షెడ్డు మీద మీకున్న గట్టి సాక్ష్యం కూడా. లోపాన్ని చెప్పినా బండి తెమ్మనకుండా నడపమన్నారంటే అది సేవాలోపమే. కాల్ వివరాలు, వాట్సాప్ సందేశాలు, బిల్లు, చెల్లింపు రుజువు భద్రపరచండి. బిల్లు లేకుండా పని చేయించుకునే అలవాటు మనవాళ్లలో చాలామందికి ఉంది. నా దగ్గరికి వచ్చేవారిలో సగం బాధ అక్కడే మొదలవుతుంది. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం విజయవాడలోని జిల్లా వినియోగదారుల కమిషన్‌లో 2 సంవత్సరాల లోపు ఫిర్యాదు చేయవచ్చు. మీరు చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపే కాబట్టి ఫీజు ఉండదు. ముందుగా రిజిస్టర్డ్ పోస్టులో నోటీసు పంపండి. ప్యాడ్లలోనే నాణ్యతాలోపం ఉందనిపిస్తే, వాటిని ప్రయోగశాల పరీక్షకు పంపమని కమిషన్‌ను కోరవచ్చు.

ఇన్సూరెన్సు విషయంలో ధైర్యంగా ఉండండి. ప్రమాదం నాటికి థర్డ్ పార్టీ పాలసీ అమలులో ఉండి, మీకు చెల్లుబాటయ్యే లైసెన్సు ఉంటే, గాయపడిన వ్యక్తికి మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్ నిర్ణయించే పరిహారాన్ని కంపెనీ చెల్లించాలి. బ్రేకులు బాగాలేవన్నది మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ కంపెనీకి అనుమతించిన మినహాయింపులలో లేదు. మీ కారు నష్టం సంగతి అలా కాదు. బండిని మంచి కండిషన్‌లో ఉంచాలన్న షరతు పాలసీలో ఉంటుంది కనుక ఆ క్లెయిముకు కంపెనీ అభ్యంతరం చెప్పవచ్చు. యంత్రం పాడవడం, అరుగుదల ఎలాగూ అందులోకి రావు. ప్రమాద సమాచారం పోలీసులకు, కంపెనీకి ఇంకా ఇవ్వకపోతే ఈ రోజే రాతపూర్వకంగా ఇవ్వండి. అదే చట్టం 134వ సెక్షన్ ప్రకారం పోలీసులకు 24 గంటల్లోపే చెప్పి ఉండాల్సింది.

అన్నిటికన్నా ముఖ్యమైన మాట చివరికి మిగిలింది. మనం బ్రేక్ ఇన్‌స్పెక్టర్ అని పిలిచే మోటారు వాహనాల తనిఖీ అధికారి బండిని పరీక్షించి ఇచ్చే నివేదిక చివర, ప్రమాదానికి యాంత్రిక లోపం కారణమా కాదా అన్న ఒక వాక్యం ఉంటుంది. కాదని అందులో రాసి ఉంటే, ఆ తర్వాత మీరు షెడ్డు మీద వేసే ఫిర్యాదు చాలా బలహీనపడుతుంది. అందుకే పెడల్ దిగుతున్న సంగతిని, ప్యాడ్లు మార్చిన తేదీని లిఖితపూర్వకంగా పోలీసులకు ఇచ్చి, తనిఖీలో బ్రేక్ లైన్లను, ఆయిల్ మట్టాన్ని ప్రత్యేకంగా చూడమని కోరండి. తనిఖీ పూర్తయ్యే వరకు ఎవరినీ కారు మీద చేయి వేయనివ్వకండి. పోలీసుల నుంచి కారు విడుదలైన తర్వాత కూడా, తీసిన ప్యాడ్లను, గొట్టాలను ఫొటోలు తీయించి మీ స్వాధీనంలో ఉంచుకున్నాకే మరమ్మతుకు ఇవ్వండి, అదీ వేరే షెడ్డుకే ఇవ్వండి.