ఆఖరి బ్యాచ్ కారు కొని దాచుకుంటే లాభమా?

ప్రశ్న: నా వయసు 43. పదకొండేళ్లుగా ఒకే స్టేషన్ వ్యాగన్ (వెనక సామాను చోటు దాకా పైకప్పు సాగిన పొడవాటి కారు) నడుపుతున్నాను. పిల్లలు, సామాను, కుక్క అన్నీ అందులోనే పడతాయి. ఇప్పుడు ఆ కంపెనీ వ్యాగన్లు మానేసి ఇక ఎస్‌యూవీలే చేస్తుందట. ఆఖరి బ్యాచ్‌లో ఒక్కటే మిగిలిందని, పదేళ్లలో దాని రేటు రెట్టింపవుతుందని షోరూంవాళ్లు అంటున్నారు. కొని, పెద్దగా నడపకుండా దాచి, పిల్లల చదువుల టైముకు అమ్మేద్దామని నా ఆలోచన. ధర మా ఇంటి 20 నెలల ఖర్చంత ఉంది. అత్యవసర నిధి కింద 8 నెలల ఖర్చు దాచాం. అందులో 6 నెలలది తీసి డౌన్ పేమెంట్ కడతాను, మిగతాది 9 శాతం వడ్డీకి ఐదేళ్ల లోను. మా ఆవిడ ససేమిరా అంటోంది. మీరేమంటారు?

జవాబు: మీ ఆవిడ మాటే నా మాట. కాకపోతే ఊరికే వద్దంటే మీకు తృప్తి ఉండదు. పదకొండేళ్లు ఒకే బండి నడిపిన మనిషికి దాని మీద ఎంత మమకారం ఉంటుందో నాకు తెలుసు. అందుకే కాస్త వివరంగా చెబుతాను.

ముందు షోరూంవాళ్ల మాట సంగతి. ‘ఇదే ఆఖరిది’ అనేది కార్ల అమ్మకాల్లో చాలా పాత మంత్రం. 1976లో అమెరికాలో కాడిలాక్ ఎల్డొరాడో కన్వర్టిబుల్‌ను, అంటే పైకప్పు మడిచేసే కారును, దేశంలో తయారయ్యే చివరి కన్వర్టిబుల్ అని గట్టిగా ప్రచారం చేశారు. భద్రతా నిబంధనలు ముందు ముందు కఠినమవుతాయనే భయం ఒకవైపు, పడిపోయిన అమ్మకాలు ఇంకోవైపు ఉండటంతో జనం ఆ మాట నమ్మారు. ఆ ఒక్క ఏడాదిలో 14,000 కార్లు అమ్ముడుపోయాయి. చివరి 200 కార్లను ప్రత్యేకంగా లోపలా బయటా తెల్లగా చేశారు. అసలు ధర మీద ఇంకా పైకం పోసి మరీ కొన్నవాళ్లున్నారు. కొందరు అచ్చం మీలాగే నడపకుండా షెడ్డులో పెట్టి కవర్ కప్పారు. ఆరేళ్లు తిరిగేసరికి 1982లో క్రైస్లర్ కంపెనీ కన్వర్టిబుల్‌ను మళ్లీ మార్కెట్లోకి తెచ్చింది. 1984 మోడల్‌గా ఎల్డొరాడో కన్వర్టిబుల్ కూడా తిరిగొచ్చింది. దాచుకున్నవాళ్లు లబోదిబోమంటూ కోర్టుకెక్కారు.

కాబట్టి కంపెనీ ఈ రోజు ‘ఇక చేయం’ అందంటే ఈ రోజు చేయదనే అర్థం. గిరాకీ మళ్లీ పుడితే ఆ మాట గాలికి పోతుంది. గిరాకీ పుట్టకపోతే మీ కారును కొనేవాడు ఉండడు. ఈ రెంటి మధ్య ఉన్న సన్నని దారిలో నడిచి గట్టెక్కితేనే మీకు లాభం.

ఇక్కడే చాలామంది పొరబడతారు. తయారీ ఆగిపోయింది కాబట్టి అరుదైపోతుంది, అరుదు కాబట్టి ధర పెరుగుతుంది అని లెక్కేస్తారు. పాత ఫోక్స్‌వాగన్ బీటిల్ కారు సంగతే చూడండి. మెక్సికోలోని ప్వెబ్లాలో చివరి కారు బయటికొచ్చింది 2003 జులైలో. అప్పటికి మొత్తం తయారైనవి 2 కోట్ల 15 లక్షలకు పైనే. అభిమానులకు కొదవ లేదు, కార్లకూ కొదవ లేదు. అలాంటప్పుడు ఆగిపోయిందన్న ఒక్క కారణానికి మామూలు బీటిల్‌కు ఎవరూ బంగారం తూచి ఇవ్వరు. ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటారు గానీ, ఆ యోగం అన్ని కార్లకూ పట్టదు.

కారు ఎందుకు ఆగిపోయిందో కనుక్కుంటే దాని రేటు ఎటు పోతుందో చాలావరకు ఊహించొచ్చు. మీ వ్యాగన్‌నే తీసుకోండి. ఒకప్పుడు అమెరికాలో కుటుంబాలకు అదే బండి. ఇంధన పొదుపు నిబంధనలు 1970ల్లో వచ్చినప్పుడు కార్లకు ఒక కొలత, తేలికపాటి ట్రక్కులకు ఇంకాస్త వదులైన కొలత పెట్టారు. 1983 చివర్లో క్రైస్లర్ మినీవ్యాన్ వచ్చింది, ఆ వెనకే ఎస్‌యూవీలు వరస కట్టాయి. అవన్నీ ఆ వదులు కొలతలో ఇమిడిపోయాయి. 1996లో బ్యూక్ రోడ్‌మాస్టర్, షెవ్రొలె కాప్రిస్ ఆగిపోవడంతో అక్కడ ఆ పెద్ద వ్యాగన్ల కథ ముగిసింది. అంటే వ్యాగన్‌ను కొనేవాళ్లే తగ్గిపోతే కంపెనీ వదిలేసింది. అలాంటి కారు ఆగిపోయిన మొదటి రెండు మూడేళ్లలో రేటు పెరగకపోగా జారుతుంది. షోరూంలో మిగిలినవాటిని తగ్గించి వదిలించుకుంటారు, ఆ దెబ్బ సెకండ్ హ్యాండ్ ధరల మీదా పడుతుంది. ఆ తర్వాత ఇరవై, పాతికేళ్లకు చిన్నప్పుడు వ్యాగన్ వెనక సీట్లో కూర్చున్న పిల్లలు పెద్దవాళ్లై, చేతిలో డబ్బులాడితే అప్పుడు వెతుక్కుంటూ వస్తారేమో. మీ పిల్లల చదువులు అప్పటిదాకా ఆగవు కదా.

చిన్న కార్ల కథ వేరు. ఫోర్డ్ ఫియస్టా 1976లో మొదలై 2023 జులైలో ఆగింది. ఫోక్స్‌వాగన్ అప్ కూడా అదే ఏడాది ఆగిపోయింది. వాటిని జనం వద్దనలేదు. ఎయిర్‌బ్యాగులు, సెన్సర్లు, పొగ శుద్ధి చేసే సరంజామా చిన్న కారుకైనా పెద్ద కారుకైనా దాదాపు ఒకే ఖర్చు. చిన్న కారు మీద మిగిలేదే తక్కువ, అదీ హరించుకుపోయింది. తయారీ ఆగినా కొనాలనుకునేవాళ్లు ఉన్నారు కాబట్టి అలాంటివి సెకండ్ హ్యాండ్‌లో రేటు బాగానే నిలుపుకుంటాయి. డీజిల్ కార్లది మూడో కథ. వోల్వో తన చివరి డీజిల్ కారును 2024 మొదట్లో తయారుచేసి ఆపేసింది. నిబంధనల ఒత్తిడితో ఆగిపోతున్న రకాన్ని కొంటే, రేపు ఏదైనా నగరం లోపలికి రానివ్వనంటే ఒక్క రోజులో దాని విలువ పడిపోతుంది. మీరు చూస్తున్న వ్యాగన్ డీజిల్‌దైతే ఈ ఉత్తరం ఇక్కడితో చదవడం ఆపి, షోరూం నంబరు ఫోన్లోంచి తీసేయండి.

ఇప్పుడు లెక్క. షోరూంవాళ్ల మాట అక్షరాలా నిజమవుతుందనే అనుకుందాం. ఇవాళ 100 పెట్టి కొన్న కారు పదేళ్లకు 200 పలికింది. అదే 100 ఏడాదికి 6 శాతం వచ్చే భద్రమైన చోట పెట్టి ఉంటే పదేళ్లకు 179 అయ్యేది. కారు ఊరికే నిలబడినా తింటుంది. బీమా, పన్ను, నీడ పట్టున పెట్టే చోటు, బ్యాటరీ, ఆయిలు, ఏడాదికోసారి సర్వీసు అన్నీ కలిపి ధరలో ఏటా 4 శాతమే అనుకుందాం. ఆ 4 కూడా ఏటా 6 శాతానికి దాచి ఉంటే ఇంకో 53 చేరేది. మొత్తం 232. అంటే రేటు రెట్టింపైనా 32 నష్టం. మీరు సొంత డబ్బుతో కొన్నా ఇంతే. మీరేమో 9 శాతానికి అప్పు తెచ్చి మరీ కొంటున్నారు.

ఆ అప్పు సంగతీ చూద్దాం. 14 నెలల ఇంటి ఖర్చంత లోను, ఐదేళ్లు, 9 శాతం. ఈఎంఐ మీ నెల ఖర్చులో 29 శాతం పడుతుంది. వడ్డీ కిందే దాదాపు మూడున్నర నెలల ఇంటి ఖర్చు పోతుంది. ఆ ఐదేళ్లూ మీ అత్యవసర నిధిలో మిగిలేది 2 నెలలకు సరిపడా డబ్బే. ఉద్యోగం పోయిన మూడో నెలలో చేతిలో ఉండేది కవర్ కప్పిన ఒక కొత్త వ్యాగన్. అవసరంలో అమ్మేవాడికి మంచి రేటు ఎవరూ ఇవ్వరని మీకు నేను చెప్పక్కర్లేదు. నాకు అన్నిటికన్నా గుబులు పుట్టించింది ఇదే. కారు రేటు పెరుగుతుందా లేదా అన్నది దీని తర్వాతే.

దాచిన కారు కొత్తగానే ఉంటుందన్నది ఇంకో భ్రమ. నాలుగు నెలలు కదలని కారు దగ్గరికి వెళ్లి చూడండి. బ్రేక్ డిస్కుల మీద ఎర్రగా తుప్పు పూసి ఉంటుంది. నేలకు ఆనిన చోట టైర్లు చదునవుతాయి. ట్యాంకులో పెట్రోలు పాతబడి జిగురు కడుతుంది. రబ్బరు సీళ్లు ఎండిపోతాయి. ఎలుక దూరితే వైరింగు దానికి విందు భోజనం. టైర్లు అరగకపోయినా పదేళ్లకు మార్చాల్సిందే. పోనీ ఇవేమీ లేకుండా బాగా నడుపుదామంటే, కిలోమీటర్లు పెరిగేకొద్దీ సేకరించేవాడికి మోజు తగ్గుతుంది. నడిపితే పెట్టుబడి కాదు, నడపకపోతే వ్యాగన్ ఉండీ లేనట్టే. మీరు ఉత్తరంలో రాసిన సామాను, కుక్క ఆ కొత్త కారులోకి ఎక్కవు కదా!

మరి మీ పాత వ్యాగన్‌ను ఏం చేయాలి? నా సలహా, దాన్నే ఉంచుకోండి. తయారీ ఆగిందనగానే విడిభాగాలు రేపటి నుంచే దొరకవని కంగారుపడొద్దు. ఫోర్డ్ మోడల్ టీ 1927లో ఆగిపోతే దాని ఇంజన్లను కంపెనీ 1941 దాకా చేస్తూనే వచ్చింది. 2011 డిసెంబరులో స్వీడన్ కార్ల కంపెనీ సాబ్ దివాలా తీసినా, దాని విడిభాగాల సంస్థ విడిగా బతికి పాత కార్లకు సరుకు అందించింది. అందరికీ ఆ అదృష్టం పట్టదు. 2024 జూన్‌లో దివాలాకు వెళ్లిన ఎలక్ట్రిక్ కార్ల కంపెనీ ఫిస్కర్ కార్లు కొన్నవాళ్లు సాఫ్ట్‌వేర్ కోసం, వారంటీ కోసం తిప్పలు పడ్డారు. మీ కంపెనీ మూతపడలేదు, ఒక మోడల్ మానేసిందంతే. ఇంజను, బ్రేకులు, సస్పెన్షన్ ఆ కంపెనీ వేరే కార్లవి కూడా సరిపోతుంటే వాటికి కొన్నేళ్లు ఢోకా ఉండదు.

తంటా వచ్చేది వ్యాగన్‌కే ప్రత్యేకమైన భాగాలతో. నా దగ్గరా ఒకప్పుడు ఇలాంటి బండే ఉండేది. రివర్సు తీస్తుంటే స్తంభానికి తగిలి వెనక ఎడమ లైటు పగిలింది. అదే మోడల్ సెడాన్ లైటు తెచ్చి పెడితే అంగుళం తేడాతో కూర్చోలేదు. మూడు నెలలు పసుపు, ఎరుపు టేపు అంటించుకుని తిరిగాను. చివరికి తుక్కు కింద విప్పుతున్న ఒక కారులో దొరికింది, దాని మీద ఎవరో పిల్లాడు అంటించిన నక్షత్రం స్టిక్కరుతో సహా. కొత్తదాని రేటులో సగం ఇచ్చాను, సంతోషంగానే. స్టిక్కరు మాత్రం పీకలేదు.

అందుకే ఈ నెలలోనే మీ మెకానిక్‌తో కూర్చుని మాట్లాడండి. వెనక లైట్లు రెండు, వెనక డోరు అద్దం, దాని చుట్టూ రబ్బరు బీడింగు, డోరును ఎత్తిపట్టే గ్యాస్ రాడ్లు వ్యాగన్‌కే ప్రత్యేకమైనవా, ఇంకే బండివైనా సరిపోతాయా అని అడగండి. ప్రత్యేకమైనవైతే ఇప్పుడే ఒక్కో జత కొని అటక మీద పెట్టండి. కొత్త కారు ధరతో పోలిస్తే ఆ ఖర్చు లెక్కలోకే రాదు. బీమా పాలసీ కూడా ఒకసారి తీసి చదవండి. భాగాలు దొరక్కపోతే చిన్న గుద్దుకే కంపెనీ మరమ్మతు వద్దని టోటల్ లాస్ కింద డబ్బిచ్చి బండి తీసుకెళ్లొచ్చు. మీ పాలసీలో ఆ డబ్బు ఎలా లెక్కిస్తారో ముందే తెలిసి ఉండటం మంచిది.

కొత్త వ్యాగనే కావాలి, నడుపుకోవడానికే అంటారా, అది వేరే ప్రశ్న, దానికి నా జవాబు కూడా మెత్తబడుతుంది. రెండేళ్లు ఆగండి. ఇప్పుడు వేసుకున్న ఈఎంఐ మొత్తాన్ని నెలనెలా విడిగా జమ చేయండి. 24 నెలలకు దాదాపు 7 నెలల ఇంటి ఖర్చంత పోగవుతుంది, అత్యవసర నిధి ముట్టుకోకుండానే. అప్పటికి ఇదే ఆఖరి బ్యాచ్ కార్లు కొన్ని ఎవరో నడిపి అమ్మకానికి పెట్టి ఉంటారు. ఆ డబ్బు డౌన్ పేమెంట్‌గా పెట్టి, చిన్న లోనుతో అందులో ఒకటి తీసుకోండి. ఈ పథకం మీ ఆవిడ ముందు పెట్టి చూడండి. దీనికీ వద్దంటే మళ్లీ రాయండి, ఈసారి ఆవిడ లెక్క కూడా జతచేయండి.