నర్సుగా పనిచేసిన అమ్మ గురించి పెద్దకార్యం నాడు ఏం చెప్పాలి?

అమ్మ చాలా ఏళ్లు నర్సుగా చేసి ఈమధ్యే పోయారని, పెద్దకార్యం నాడు నలుగురిలో ఏం మాట్లాడాలో తోచడం లేదని రాశారు. మా అత్తయ్యగారు కోనసీమలో, రాజోలు వైపు ఒక లంక ఊళ్లో ఏఎన్‌ఎంగా, అంటే ఊరి నర్సుగా చేసి రిటైరయ్యారు. ఆవిడ పోయినప్పుడు మా ఇంట్లోనూ ఇదే ఇబ్బంది. మాట్లాడినవాళ్లందరూ ఓర్పు, సేవ, త్యాగం అన్నారు. కాదనను. కానీ ఆవిడకి పని ఎంత బాగా వచ్చో ఒక్కరూ చెప్పలేదు. నాకు ఆ బాధ ఇంకా పోలేదు. మీరు అదే చెప్పండి.

నేను కోడలిగా వెళ్లేసరికి ఆవిడ సర్వీసు చివరి ఏళ్లలో ఉన్నారు. సబ్ సెంటర్‌కి, అంటే ఊళ్లో ఏఎన్‌ఎం కూర్చునే చిన్న ఆరోగ్య కేంద్రానికి, సొంత బిల్డింగు లేక మా వీధి గదిలోనే నడిచేది, కాబట్టి అంతా కళ్లారా చూశాను. బుధవారం, శనివారం టీకాలు. ఫ్రీజర్‌లోంచి తీసిన ఐస్ ప్యాకుని తిన్నగా వ్యాక్సిన్ క్యారియర్‌లో, అంటే టీకాలు మోసుకెళ్లే చల్లని డబ్బాలో పెట్టనిచ్చేవారు కాదు. కాసేపు బల్ల మీద ఉంచి, పైన చెమట పట్టాక ఒక్కో ప్యాకునీ చెవి దగ్గర పెట్టుకుని ఊపేవారు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు వినపడితేనే సర్దేవారు. గట్టి ఐసు ఆనుకుంటే డీపీటీ, టీటీ లాంటి కోరింత దగ్గు, ధనుర్వాతం టీకా మందులు గడ్డకడతాయి, ఆ తర్వాత కరిగినా పనిచేయవు. "వేడికి పాడైపోతుందని అందరికీ తెలుసమ్మా, చలికి పాడైపోతుందన్నదే ఎవరూ చూసుకోరు" అనేవారు.

తట్టు టీకా పొడిగా వస్తుంది, నీళ్లమందు కలిపిన నాలుగు గంటల తర్వాత వాడకూడదు. సీసా మీద టైము రాసేవారు. నాట్ల రోజుల్లో తల్లులు చేలోంచి మధ్యాహ్నం దాటితే గానీ రారు, అందుకని ఆ రోజుల్లో ఎంతమంది తొందరపెట్టినా సీసా పొద్దున్నే విప్పేవారు కాదు. కూలికి వెళ్లిన తల్లి బిడ్డకి మందు లేదనకూడదని ఆవిడ లెక్క.

పెళ్లిళ్లలో కూడా ఆవిడ కళ్లు ఊరుకునేవి కావు. చేతిలో అక్షింతలు అలాగే ఉండేవి, ఎదురొచ్చిన చూలింత కింది కనురెప్ప లాగి చూసి, పాలిపోయి ఉంటే "రేపు ఇంటికి రా, ఐరన్ మాత్రలు వేసుకుంటున్నావా, కాల్వలో పారేస్తున్నావా?" అని అక్కడే అడిగేసేవారు. మా ఆయన సిగ్గుతో పక్కకి వెళ్లిపోయేవారు.

మా వైపు అప్పట్లో బోదకాలు (ఫైలేరియా) ఎక్కువ. ఆ జబ్బు తెచ్చే పురుగు పిల్లలు పైరక్తంలోకి రాత్రిపూటే వస్తాయి కాబట్టి వేలు పొడిచి రక్తం తీసే పరీక్ష కూడా రాత్రే చేయాల్సి వచ్చేది. అర్ధరాత్రి బయటివాళ్లు తలుపు కొడితే ఎవరు తీస్తారు? ఫైలేరియా సిబ్బందితో ఈవిడ కూడా వెళ్లేవారు. నర్సమ్మ గొంతు వినపడితే గడియ తీసేవారు.

మావయ్యగారు కొబ్బరికాయల కొట్లో గుమాస్తా. ఆవిణ్ణి సైకిల్ మీద రేవు దాకా దింపి, వెనక్కొచ్చి అన్నం వార్చి, పిల్లలకి జడలు వేసి బడికి పంపేవారు. "మొగుడి చేత గరిటె పట్టించింది" అని ఊళ్లో అనుకున్నారు. ఆయన పట్టించుకోలేదు. వాళ్లిద్దరూ ఒకరి గురించి ఒకరు గొప్పగా చెప్పుకోగా నేను ఎప్పుడూ వినలేదు. ఆవిడ పడవ దిగేవేళకి ఆయన సైకిల్ మాత్రం రేవులో ఉండేది.

అమ్మగా ఆవిడ ఎలా ఉండేవారో చెప్పాలంటే మా ఆడపడుచు మాట కూడా చెప్పాలి. "జ్వరం వచ్చినప్పుడు కూడా అమ్మ పక్కన లేదు" అని ఇప్పటికీ అంటుంది. ఆ మాట నిజం. సభలో దాన్ని త్యాగం అని పొగిడారు, నాకు ఒళ్లు మండింది. పక్క సబ్ సెంటర్‌లో పోస్టు ఏళ్ల తరబడి ఖాళీ. ఇన్‌ఛార్జి అంటూ రెండు సెంటర్ల పనీ ఈవిడ నెత్తిన పెట్టారు. ఆ పిల్ల దగ్గర అమ్మ లేకపోవడానికి సగం కారణం అది. ఇంట్లో ఉన్నంతసేపూ మాత్రం పిల్లలతోనే. నా పురుడప్పుడు పెద్దవాళ్లు ముర్రుపాలు పిండి పారేయాలని, బిడ్డకి చక్కెర నీళ్లు పట్టాలని పట్టుబడితే అడ్డం నిలబడి, పుట్టిన గంట లోపే బిడ్డని నా ఒంటికి ఆనించింది ఆవిడే.

1986 ఆగస్టు వరద సంగతి ఆవిడ ఎప్పుడూ చెప్పలేదు. ధవళేశ్వరం దగ్గర దాదాపు 35 లక్షల క్యూసెక్కులు వచ్చిన వరద అది. లంకలు మునిగిపోయి జనం ఏటిగట్టు ఎక్కారు. పిల్లల్ని అమ్మమ్మ దగ్గర వదిలి ఈవిడా గట్టు మీదే ఉన్నారట. అక్కడ ఒకామెకి నొప్పులు వచ్చాయి. నాలుగు చీరలు అడ్డం కట్టి, బ్లేడు, దారం మరగబెట్టి పురుడు పోశారు. మాయ పడ్డాక రక్తం ఆగలేదు. ఈవిడ పొట్ట మీద చెయ్యి వేసి, లోపల గర్భసంచి బంతిలా గట్టిపడేదాకా రుద్దుతూ కూర్చున్నారట. చెయ్యి తీస్తే మెత్తబడేదట, మళ్లీ రుద్దేవారట. దాటిద్దామంటే పడవ లేదు. తెల్లారేసరికి రక్తం కట్టింది. ఇదంతా నాకు చెప్పింది ఆ తల్లే, పెద్దకార్యం నాడు, భోజనాల బంతిలో. అంతసేపూ ఆమె షామియానా కింద ఆఖరి వరసలో కూర్చునే ఉంది. ఆమెకి మైకు ఇవ్వాలని మాలో ఎవరికీ తెలియదు.

అందుకని ఒక పని చేయండి. మీ అమ్మగారితో పనిచేసిన ఆయాకి, తోటి నర్సులకి, వీలైతే ఆవిడ చేతిలో పురుడు పోసుకున్న ఒకరిద్దరికి ఇప్పుడే ఫోన్ చేయండి. "అమ్మ ఎలాంటిది?" అని అడిగితే మంచి మనిషి అని ఊరుకుంటారు. డ్యూటీలో ఏం చేసేవారు, ఏది చూస్తే కోపం వచ్చేది, డాక్టరు గారితో ఎప్పుడైనా వాదించారా అని అడగండి. చెప్పినవి చెప్పినట్టు రాసుకోండి. వాళ్లని ముందు వరసలో కూర్చోబెట్టి, చుట్టాల కంటే ముందు వాళ్ల చేత మాట్లాడించండి. కార్యం రోజున అడుగుదాంలే అనుకోకండి, వంటలు, వచ్చేపోయేవాళ్ల హడావుడిలో కుదరదు.