‘ఒకేసారి’ అంటే కలిసా, ఒక్కమారేనా?

సందేహం: మాది విజయనగరం. పాలిటెక్నిక్ పిల్లలకు ల్యాబ్‌వ్యూ చెబుతాను. అందులో ప్రోగ్రాం రాయం, బొమ్మలా గీసి తీగలతో కలుపుతాం. పక్కపక్కన రెండు వైల్ లూపులు (ఆపేదాకా ఒకే పనిని మళ్లీ మళ్లీ చేసేవి) పెట్టాను. ఒకటి 10 మిల్లీసెకన్లకు సెన్సర్ చదువుతుంది, రెండోది 500 మిల్లీసెకన్లకు గ్రాఫు గీస్తుంది. నోట్సులో ‘రెండు లూపులు ఒకేసారి వేర్వేరు వేగాలతో తిరుగుతాయి’ అని రాస్తే, ‘ఒకేసారి తిరిగి ఆగిపోతాయా సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. ఎలా దిద్దాలి? లూప్‌ను వలయం అనాలా?

సమాధానం: ఆ అమ్మాయి అడిగింది సబబే. ‘ఈ మాత్ర రోజుకు ఒకేసారి వేసుకో’ అంటే ఒక్కమారే. (మా శ్రీకాకుళం వైపు ‘ఓపాలి’ అంటాం.) ‘అందరూ ఒకేసారి లేచారు’ అంటే కలిసి. మీ వాక్యంలో ఏదో తేలదు. పోనీ కలిసి అనుకున్నా కుదరదు. మొదటిది సెకనుకు 100 మార్లు తిరిగితే రెండోది రెండే మార్లు తిరుగుతుంది. ఇక్కడ కావలసింది ‘దేనికదే’. పొందూరులో రాట్నం ఒకరింట, మగ్గం ఒకరింట దేనికదే నడుస్తాయి, మధ్యలో నూలు చిలపలు పోగవుతాయి. లూపుల మధ్య క్యూ (ఒక లూపు పంపిన విలువలు రెండోది తీసుకునేదాకా వరుసలో ఆగే చోటు) చేసేది ఆ పనే. క్యూ లేకుండా ఒక లూపులోంచి రెండోదానిలోకి నేరుగా తీగ లాగితే మాత్రం, మొదటిది పూర్తిగా ఆగేదాకా రెండోది మొదలే కాదు. అప్పుడిక ‘దేనికదే’ అనడానికీ లేదు.

‘వేగం’ కూడా తీసేయండి. ఆర్టీసీ కాంప్లెక్సులో నిలబడి ‘శ్రీకాకుళం బస్సు ఎంతకొకటి?’ అంటాం గానీ బస్సు వేగం అడగం. మీరు చెప్పదలచుకున్నదీ లూపు ఎంతకొకసారి తిరుగుతుందనే. దానికి ‘-ఏసి’ ఉండనే ఉంది: పదేసి మిల్లీసెకన్లకు, అయిదేసి వందల మిల్లీసెకన్లకు. ‘అయిదు వందలేసి’ అనీ అంటారు, నాకు మొదటిదే ఇష్టం. అంకెకు ‘ఏసి’ అతకదు కాబట్టి అక్షరాల్లోనే రాయండి.

మీరు అడగకపోయినా ఒకటి చెప్పాలి. వెయిట్ (లూపు ఎంతకొకసారి తిరగాలో గడువు పెట్టే బొమ్మ) గురించి రాసేటప్పుడు ‘పని చేసి, 10 మిల్లీసెకన్లు ఆగి, మళ్లీ తిరుగుతుంది’ అని రాస్తారేమో. ‘చేసి’, ‘ఆగి’ అనే క్త్వార్థకాలు ఒకదాని తర్వాత ఒకటి అనే వరుసను చెబుతాయి. పనికి 4 మిల్లీసెకన్లు పడితే పిల్లలు మొత్తం 14 అని లెక్క వేస్తారు. కానీ వరుస కట్టకుండా లూపులో ఊరికే పెట్టిన వెయిట్, పనితోపాటే నడుస్తుంది. చుట్టుకు పట్టేది 10 మాత్రమే. పనికే 14 పడితే చుట్టుకు కూడా 14 పడుతుంది. ‘పని చేస్తూండగానే గడువు లెక్క నడుస్తుంది’ అనండి.

మీ వాక్యం ఇలా ఉంటే సరి: ‘రెండు లూపులు దేనికదే తిరుగుతాయి, ఒకటి పదేసి మిల్లీసెకన్లకు ఒకమారు, రెండోది అయిదేసి వందల మిల్లీసెకన్లకు ఒకమారు.’

వలయం అక్కర్లేదు. గీసిన గుండ్రానికి బాగుంటుంది గానీ, స్క్రీన్ మీద మీ లూపు నలుచదరపు పెట్టె. లూపే ఉంచండి. బహువచనం మాత్రం ‘లూప్స్’ కాదు, మీరు రాసినట్టు ‘లూపులు’.