బెర్రీస్ తింటే నిజంగా లాభం ఉందా, షుగర్ ఉన్నవాళ్ళు తినొచ్చా?

మీరు అడిగినవి మూడు. బెర్రీస్ గురించి చెప్పేదంతా నిజమా లేక ఊరికే హైపా, షుగర్ బోర్డర్‌లో ఉన్న మీరూ, ఆల్రెడీ షుగర్‌కీ గుండెకీ మందులు వాడుతున్న మీ నాన్నగారూ తినొచ్చా, పండ్ల బదులు జ్యూస్, పౌడర్, క్యాప్సూల్స్ అయినా సరిపోతుందా అని. నేను డాక్టర్‌ని కాదండి, ముందే చెప్తున్నా. కానీ నాక్కూడా హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటు చూపే రక్తపరీక్ష) 6.1 వచ్చింది (5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్ అంటారు కదా, అందులో నడిమధ్యన ఉన్నా), అప్పట్నుంచీ ఫ్రీజర్‌లో బెర్రీస్ ప్యాకెట్ లేకుండా ఉండట్లేదు, దీని మీద దొరికిన రీసెర్చ్ కూడా బాగానే చదివా, అందుకే ఇంత పెద్దగా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

తినండి, లాభం ఉంది. కాకపోతే నాకు జరిగిన మేలులో ఎక్కువ భాగం బెర్రీ తినడం వల్ల వచ్చిందా, దాని పుణ్యమా అని మానేసినవాటి వల్ల వచ్చిందా అంటే నేను రెండోదానికే ఓటేస్తా. రాత్రి భోజనం అయ్యాక తీపి ఏదో ఒకటి పడకపోతే నిద్ర పట్టని బాపతు నేను, ఐస్‌క్రీమో బిస్కెట్లో ఏదో ఒకటి పడాల్సిందే. డైటీషియన్ తీపి మొత్తం మానేయమని అనలేదు, ఆ టైమ్‌కి ఒక చిన్న గిన్నెలో చక్కెర వేయని గట్టి పెరుగు, అందులో ఫ్రీజర్ లోంచి అప్పుడే తీసిన బ్లూబెర్రీస్ ఓ గుప్పెడు వేసుకోమంది. గడ్డకట్టి ఉంటాయి కదా, పెరుగులో పడగానే చుట్టూ ఊదారంగు చారలు దిగుతాయి, ఒక్కో గింజా పంటి కింద ఐస్‌లాగా చితుకుతుంది, గబగబా తినడానికి కుదరదు, గిన్నె ఖాళీ అయ్యేసరికి తీపి మీద యావ కూడా చల్లబడిపోతుంది. అదండీ నా బెర్రీ వైద్యం.

లెక్కలు చూస్తే ఇంకా బాగా అర్థమవుతుంది. 100 గ్రాముల వెనీలా ఐస్‌క్రీమ్‌లో సుమారు 200 కేలరీలు, 20 గ్రాముల పైన చక్కెర ఉంటుంది. అదే 100 గ్రాముల స్ట్రాబెర్రీలో 32 కేలరీలు, చక్కెర 5 గ్రాముల లోపే, పైగా విటమిన్ సి దాదాపు 59 మిల్లీగ్రాములు. బ్లూబెర్రీ వీటిల్లో కాస్త తీపిది, 57 కేలరీలు, 10 గ్రాముల చక్కెర. నన్నడిగితే అసలు హీరో రాస్ప్‌బెర్రీ, ఎవరూ పెద్దగా పట్టించుకోరు గానీ 100 గ్రాములకి ఆరున్నర గ్రాముల ఫైబర్ ఉంటుంది దాంట్లో, యాపిల్‌లో ఉండేదానికి రెండు రెట్లకి మించి, చక్కెరేమో నాలుగున్నర గ్రాములే. బ్లాక్‌బెర్రీ కూడా ఇంచుమించు అంతే. షుగర్ బోర్డర్‌లో ఉన్నవాళ్ళు ఏదో ఒకటే కొనాలంటే నేనైతే ఈ రెంటిలో ఒకటి కొనమంటా, గింజలు పళ్ళ సందుల్లో ఇరుక్కుంటాయని మా ఇంట్లో గోల ఉంటుంది, అది వేరే సంగతి.

మీటర్‌తో చూసుకున్నా కూడా, కప్పు స్ట్రాబెర్రీస్ తిన్నాక నా రీడింగ్ పెద్దగా కదల్లేదు, అదే ఒక గ్లాసు ఫ్రూట్ జ్యూస్ తాగితే బాగా ఎగిరింది. అయితే ఇది నా ఒంటి సంగతి, అందరికీ ఒకేలా ఉండదు, మీ దగ్గర గ్లూకోమీటర్ ఉంటే తినే ముందు ఒకసారి, రెండు గంటల తర్వాత ఒకసారి చూసుకోండి, నా మాట కంటే ఆ నంబరే మీకు పనికొస్తుంది.

ఇక హైప్ సంగతి. యాంటీఆక్సిడెంట్లు యాంటీఆక్సిడెంట్లు అని ఊదరగొడుతుంటారు కదా, దాని వెనక ఒక కథ ఉంది. టెస్ట్‌ట్యూబ్‌లో ఏ పదార్థం ఎంత యాంటీఆక్సిడెంట్ శక్తి చూపిస్తుందో కొలిచి ఓఆర్ఏసీ అని ఒక స్కోర్ ఇచ్చేవాళ్ళు, అమెరికా వ్యవసాయ శాఖ ఆ స్కోర్లతో ఒక పెద్ద పట్టిక కూడా పెట్టింది, కంపెనీలు ఆ నంబర్లు పట్టుకుని మా పౌడర్ గొప్పదంటే మా పౌడర్ గొప్పదని అమ్ముకోవడం మొదలెట్టాయి. చివరికి 2012లో ఆ శాఖే పట్టిక తీసేసింది, ట్యూబ్‌లో కొలిచినదానికీ మనిషి ఒంట్లో జరిగేదానికీ పొంతన లేదని చెప్పి. ఇప్పటికీ డబ్బా మీద ఆ స్కోర్ కనిపిస్తే ఆ డబ్బా మళ్ళీ ర్యాక్‌లో పెట్టేయడమే.

అలాగని బెర్రీస్‌లో ఏమీ లేదని కాదు. వాటికి ఆ ఎరుపు, నీలం, నలుపు రంగులిచ్చే ఆంథోసయనిన్లు అనే పదార్థాల మీదే రీసెర్చ్ ఎక్కువ జరిగింది. మామూలుగా దొరికే పెద్ద బ్లూబెర్రీని కత్తితో సగానికి కోసి చూడండి, తోలు ముదురు నీలం, లోపలి గుజ్జేమో పాలిపోయిన ఆకుపచ్చగా ఉంటుంది, అంటే సరుకంతా తోలులోనే. అడవి రకం చిన్నవి దొరికితే వాటిల్లో కొన్ని లోపల కూడా ఊదాగా ఉంటాయి, తోలు పాళ్ళు కూడా ఎక్కువ, ఫ్రోజెన్‌లో దొరుకుతుంటాయి, నేను వాటికే ప్రిఫరెన్స్ ఇస్తా. ఇంకో తమాషా ఏంటంటే ఈ రంగు పదార్థం ఉన్నది ఉన్నట్టుగా రక్తంలోకి వెళ్ళేది చాలా తక్కువ, ఎక్కువ భాగం పెద్దపేగు దాకా పోయి అక్కడి బ్యాక్టీరియా దాన్ని విరగ్గొట్టాక వచ్చే చిన్న చిన్న పదార్థాలే ఒంట్లో తిరుగుతాయి. అందుకే ఒకే గిన్నెలో తిన్న ఇద్దరికి ఒకే రిజల్ట్ రాకపోవచ్చు, ఎవరి పేగుల్లో ఉండే బ్యాక్టీరియా వాళ్ళది.

మనుషుల మీద చేసిన స్టడీల్లో నాకు నమ్మకం కలిగించినవి చెప్తా. 2013లో అమెరికాలో సుమారు 93,600 మంది నర్సుల డేటా, 18 ఏళ్ళపాటు ఫాలో అయినది వచ్చింది, ఆంథోసయనిన్లు బాగా ఎక్కువ తీసుకునే ఆడవాళ్ళలో హార్ట్ ఎటాక్ రిస్క్ మూడోవంతు దాకా తక్కువ కనిపించింది, ఆ ఆంథోసయనిన్లు ఎక్కువగా వచ్చింది బ్లూబెర్రీ, స్ట్రాబెర్రీల నుంచే. అంతకు ముందు ఏడాది 70 దాటిన 16,000 మంది మీద వచ్చిన ఇంకో పేపర్‌లో బెర్రీస్ బాగా తినేవాళ్ళలో జ్ఞాపకశక్తి తగ్గుదల రెండున్నరేళ్ళ దాకా ఆలస్యంగా ఉందని చూపించారు. వినడానికి అద్భుతంగా ఉంటుంది, కానీ ఇవి జనం తిన్నది రాసుకుని ఏళ్ళ తరబడి గమనించిన స్టడీలు మాత్రమే. బెర్రీస్ తినే మనిషి వాకింగ్ కూడా చేస్తూ ఉండొచ్చు, సిగరెట్ తాగకపోవచ్చు, చేతిలో నాలుగు డబ్బులు ఎక్కువ ఉండొచ్చు, లెక్కల్లో సర్దుబాటు చేస్తారు గానీ పూర్తిగా విడదీయడం ఎవరి వల్లా కాదు.

అందుకే నాకు 2019లో ఇంగ్లాండ్‌లో ఈస్ట్ ఆంగ్లియా యూనివర్సిటీ వాళ్ళ ఆధ్వర్యంలో జరిగిన ట్రయల్ ఎక్కువ నచ్చింది. బరువు ఎక్కువుండి మెటబాలిక్ సిండ్రోమ్ (పొట్ట కొవ్వు, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ లాంటి తేడాలు కొన్ని కలిసి ఉండటం) ఉన్నవాళ్ళని మూడు గ్రూపులు చేసి ఒకళ్ళకి రోజూ 150 గ్రాముల బ్లూబెర్రీకి సమానమైన పౌడర్, ఇంకొకళ్ళకి 75 గ్రాములది, మూడోవాళ్ళకి అలాగే కనిపించే డమ్మీ పౌడర్ ఆరు నెలలపాటు ఇచ్చారు. 150 గ్రాముల గ్రూపులో రక్తనాళాలు సాగే గుణం మెరుగైంది, 75 గ్రాముల వాళ్ళలో ఆ తేడా రాలేదు. ఇన్సులిన్ రెసిస్టెన్స్ (ఇన్సులిన్ ఉన్నా ఒళ్ళు దానికి సరిగా స్పందించకపోవడం) మాత్రం ఎవరిలోనూ మారలేదు, మీకూ నాకూ కావాల్సింది అదే కదా పాపం! కాబట్టి బ్లూబెర్రీ తింటే షుగర్ తగ్గిపోతుందని ఎవరైనా వీడియో పెడితే ఒక దండం పెట్టి ముందుకి స్క్రోల్ చేసేయండి. రెండు బెర్రీలు కేక్ మీద పెట్టుకుని తిన్నా ఏదో ఒరుగుతుందనుకోవడం కూడా అంతే, రోజుకో కప్పు లెక్కన నెలల తరబడి తింటేనే ఆ మాత్రం.

ఆ ట్రయల్‌లో వాడింది పౌడరే కదా అని మీరు అనొచ్చు. నిజమే, పండుని గడ్డకట్టించి నీరు మాత్రం తీసేసిన పొడి, ఇంకేమీ కలపనిది అయితే నాకేం అభ్యంతరం లేదు. లేబుల్ మీద చక్కెర, మాల్టోడెక్స్‌ట్రిన్ (పిండి నుంచి తీసే పొడి), ఫ్లేవర్ అని కనిపించాయంటే అది వేరే వస్తువు. జ్యూస్ మాత్రం వద్దు. 2013లోనే బీఎంజే అనే బ్రిటన్ మెడికల్ జర్నల్‌లో 1,87,000 మందికి పైగా డేటాతో వచ్చిన పేపర్‌లో వారానికి మూడుసార్లు బ్లూబెర్రీ తినేవాళ్ళకి టైప్ 2 డయాబెటిస్ రిస్క్ 26 శాతం తక్కువ కనిపిస్తే, పండ్లరసం తాగేవాళ్ళకి రిస్క్ కాస్త పెరిగినట్టు కనిపించింది. ఫైబర్ పిప్పితో పోతుంది, మిగిలేది తీపి నీళ్ళు. డ్రై క్రాన్‌బెర్రీస్ సంగతి ఇంకా ఘోరం, పచ్చిది ఒట్టి పులుపూ వగరూ, నోట్లో పెట్టుకోలేం, అందుకని పంచదార పట్టించి ఎండబెడతారు, 100 గ్రాముల్లో 70 గ్రాముల దాకా చక్కెరే. రాస్ప్‌బెర్రీ కీటోన్ క్యాప్సూల్స్ అని బరువు తగ్గడానికి అమ్ముతారే, మనుషుల్లో పని చేస్తుందనడానికి సరైన ఆధారం లేదు వాటికి, డబ్బులు దండగ.

క్రాన్‌బెర్రీ గురించి ఒక మాట చెప్పాలి, మా అమ్మకి యూరిన్ ఇన్‌ఫెక్షన్ మాటిమాటికీ వస్తుండేది. డాక్టరమ్మే అడిగి మరీ క్రాన్‌బెర్రీ తీసుకోమంది, తీపి లేనిది. ఈ.కోలై బ్యాక్టీరియా మూత్రాశయం గోడకి అతుక్కోకుండా అందులోని ప్రోయాంథోసయనిడిన్లు అనే పదార్థాల్లో ఒక రకం అడ్డుపడతాయట. 2023లో కోక్రేన్ (వైద్య స్టడీలని కలిపి సమీక్షించే సంస్థ) వాళ్ళు 50 స్టడీలు కలిపి చూసి, మళ్ళీ మళ్ళీ ఇన్‌ఫెక్షన్ వచ్చే ఆడవాళ్ళలో రిస్క్ సుమారు పావు వంతు తగ్గుతుందని తేల్చారు, పిల్లల్లో కూడా మేలు కనిపించింది, గర్భిణుల్లోనూ వృద్ధాశ్రమాల్లో ఉండే పెద్దవాళ్ళలోనూ అంతగా కనిపించలేదు. అమ్మకి ఇప్పుడు తగ్గింది, నీళ్ళు ఎక్కువ తాగడం కూడా అప్పుడే మొదలెట్టింది కాబట్టి క్రెడిట్ ఎవరికివ్వాలో నాకు తెలీదు. ఇది రాకుండా ఆపడానికే గానీ వచ్చాక తగ్గించడానికి కాదు, మంటా జ్వరమూ నడుం నొప్పీ ఉంటే జ్యూస్ తాగుతూ కూర్చోకుండా హాస్పిటల్‌కి వెళ్ళాలి.

కొనడం, దాచడం గురించి త్వరగా. ఫ్రెష్ కంటే ఫ్రోజెన్ తక్కువదేం కాదు, బాగా పండాక కోసి వెంటనే గడ్డకట్టిస్తారు, పోషకాలు చాలావరకు నిలుస్తాయి. ఫ్రెష్‌వి తెస్తే డబ్బా తిప్పి అడుగున చూడండి, అడుగు పండ్లు రసం కారుతున్నా, తెల్లటి బూజు నూగు కనిపించినా వదిలేయండి, ఒకదానికి పట్టిందంటే పక్కవాటికి పాకేస్తుంది. తెచ్చిన వెంటనే కడక్కండి, తినేముందే కడగండి, తడి మీద ఫ్రిజ్‌లో పెడితే తొందరగా పాడవుతాయి. ఫ్రోజెన్ బెర్రీస్ వల్ల హెపటైటిస్ ఏ, నోరోవైరస్ వచ్చిన సందర్భాలు వేర్వేరు దేశాల్లో ఉన్నాయి, ఫ్రీజింగ్‌కి ఆ వైరస్‌లు చావవు, కాబట్టి ఇంట్లో గర్భిణులో, ఇమ్యూనిటీ తక్కువున్నవాళ్ళో, బాగా పెద్దవాళ్ళో ఉంటే ఒక నిమిషం ఉడకనిచ్చి చల్లార్చి పెట్టండి. మీ నాన్నగారికి కూడా నేనైతే అలాగే పెడతా.

స్మూతీ చేసుకునేవాళ్ళయితే అరటిపండు వేయకపోవడం మేలు. 2023లో వచ్చిన ఒక చిన్న స్టడీలో అరటిపండు కలిపిన స్మూతీ తాగితే ఫ్లేవనాల్స్ అనే పదార్థాలు ఒంటికి పట్టడం 84 శాతం తగ్గింది, అరటిపండు కోస్తే నల్లబడేలా చేసే ఎంజైమ్ ఉంటుంది కదా, దాని పనే అది. ఆ, ఇంకోటి, బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీ ఎక్కువ తిన్న మర్నాడు మోషన్ నల్లగా వస్తే కంగారు పడకండి, రంగు అదే. తినకుండానే నల్లగా, జిగటగా తారులాగా వస్తే మాత్రం డాక్టర్‌కి చూపించాలి.

మీ నాన్నగారు గుండెకి మందులు వాడుతున్నారన్నారు గానీ ఏ మందులో రాయలేదు. వార్ఫరిన్ లాంటి రక్తం పల్చబడే మందు ఉంటే క్రాన్‌బెర్రీ, గోజీ బెర్రీ జోలికి డాక్టర్‌ని అడక్కుండా వెళ్ళొద్దు, బ్లూబెర్రీ, బ్లాక్‌బెర్రీల్లో కూడా విటమిన్ కె కొంచెం ఉంటుంది కాబట్టి ఒక వారం బోలెడు, ఇంకో వారం అసల్లేకుండా తినకూడదు, ఐఎన్ఆర్ (రక్తం గడ్డకట్టడానికి ఎంత టైమ్ పడుతుందో చూపే పరీక్ష నంబర్) అటూ ఇటూ అవుతుంది. షుగర్ మాత్రలతో స్ట్రాబెర్రీ, రాస్ప్‌బెర్రీ మామూలుగా ఇబ్బంది పెట్టవు. ప్రిస్క్రిప్షన్‌లో ఉన్న పేర్లు డాక్టర్‌కో ఫార్మసిస్ట్‌కో ఒకసారి చూపించి ఆ తర్వాతే రోజూ పెట్టడం మొదలెట్టండి.