సముద్రంలో దెయ్యాలున్నాయని నావికులు ఎందుకు నమ్మేవారు?

మాది గోపాల్‌పూర్, ఒడియావాళ్లు నోలియాలు అని పిలిచే తెలుగు చేపల వేటగాళ్ల పేట. చీకట్లో వల లాగుతుంటే నీళ్లు నీలంగా మెరిస్తే మా తాత గంగమ్మకు దండం పెట్టి, ఇక ఒడ్డు చేరేదాకా నోరు విప్పేవాడు కాదు. అది నాక్టిలూకా అనే ఏకకణ జీవి, నీరు కదిలితే వెలుగుతుంది, అంతే. కానీ నిద్రలేక, ఒడ్డు కనపడక, పోతే శవం కూడా దొరకని పనిలో ఉన్న మనిషికి ఆ సంగతి చెప్పేదెవరు?

ఇంగ్లిష్ నావికులకు డేవీ జోన్స్ అనే సముద్రపు దెయ్యం ఉన్నాడు, మునిగినవాళ్లంతా అతని పెట్టెలోకే పోతారట. నాకు బాగా నచ్చింది మాత్రం జపాన్‌వాళ్ల ఫునాయూరేయి: సముద్రంలో చచ్చినవాళ్లు పడవ పక్కకొచ్చి నీళ్లు తోడే గరిటె అడుగుతారు, ఇచ్చారా, దాంతోనే నీళ్లు పోసి పడవ ముంచేస్తారు, అందుకని అడుగు లేని గరిటె ఇవ్వాలని చెప్పుకునేవారు. దెయ్యానికే టోపీ!

తుఫానులో తెరచాప కొయ్య కొసన కనిపించే వెలుగు సంగతి ఉల్టా. గాలిలోని విద్యుత్తు వల్ల వచ్చే దాన్ని చాలామంది యూరప్ నావికులు నావికుల్ని కాపాడే సెయింట్ ఎల్మో అనే క్రైస్తవ పునీతుడు తోడున్నాడనే గుర్తుగా తీసుకున్నారు.